మోటారుకూ వేలిముద్ర వేయించాలి

నెల్లూరు జిల్లాలో స్వయంశక్తికి కొదవ లేదు. తెల్లారి ఆరున్నరకు ఏ టీ అంగడి దగ్గర నిలబడినా చెవినిండా వినొచ్చు. "ఊరికే ఇచ్చి ఇచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేసేశారన్నా, కూలికి ఒక్క మనిషి దొరకడం లేదు" అని ఒకాయన అంటాడు. పక్కనున్నాయన తల ఊపుతాడు. ఆ పాటికి ఇద్దరి పొలాల్లోనూ మోటార్లు ఆడుతుంటాయి. వాటికి బిల్లు రాదు.

వారి ఆవేదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఉచితం మనిషిని చెడగొడుతుంది. అయితే ఎవరు ఎంత చెడిపోయారో తేలకుండా మందు వేయలేం కాబట్టి, కాగితం పెన్ను తీసుకుని లెక్కకు కూర్చున్నాను.

ముందు అవ్వ. అరవై దాటిన అవ్వకు నెలకు 4,000 రూపాయల పింఛను. ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి మెషీన్ మీద వేలు పెట్టమంటాడు. పడకపోతే కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టమంటాడు. నోట్లు చేతిలో పెడతాడు. ఆ నాలుగు వేల సంగతి వీధి వీధంతటికీ తెలుసు.

ఇక మోటారు. 5 హెచ్‌పీ మోటారు పగటి పూట తొమ్మిది గంటలు ఆడితే రోజుకు 33 యూనిట్ల పైచిలుకు తాగుతుంది. యూనిట్ ఆరు రూపాయలే అనుకుందాం. రోజుకు దాదాపు 200, నెలకు దాదాపు 6,000. అంటే పైరు మీదున్న నెలల్లో అవ్వకంటే మోటారుకే పింఛను ఎక్కువ. మోటారుకు అరవై నిండాయా అని ఎవరూ అడగలేదు. ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది 2004లో. ఆ లెక్కన అది ఇంకా పడుచు వయసులోనే ఉంది.

ఇక్కడ ఇంకో ముచ్చటుంది. పథకాలకు ఆరంచెల పరిశీలన అని ఒకటి వచ్చింది. ఇంట్లో నెలకు సగటున 300 యూనిట్లు దాటినా, కొడుకు అప్పు చేసి కారు కొన్నా, అవ్వ ఒక్కసారిగా సంపన్నురాలైపోతుంది. మన మోటారు ఆ 300 యూనిట్లను తొమ్మిది రోజుల్లో దాటేస్తుంది. అయినా దాని పేరు అనర్హుల జాబితాలోకి ఎక్కదు. ఎక్కించమని నేనూ అడగను, పైరు ఎండిపోతుంది. పైరు మీద నాకు కోపం లేదు.

పన్నుల మాట కూడా చెప్పుకోవాలి. "మేం కట్టే పన్నులు తీసి వాళ్లకు పంచుతున్నారు" అనేది టీ అంగడిలో రెండో గ్లాసు దగ్గర వచ్చే మాట. వరి మీద, నిమ్మ మీద వచ్చే రాబడికి ఆదాయపు పన్ను లేదు. అవ్వ సబ్బుబిళ్ల కొంటే జీఎస్టీ కడుతుంది. కాబట్టి ఎవరి డబ్బు ఎవరికి పోతోందన్నది కొంచెం నిదానంగా చూడాల్సిన విషయమే. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు ఎలా వస్తోందో కూడా అప్పుడే చూసుకోవచ్చు. పొలం కౌలుకిచ్చి టౌనులో కాపురం పెట్టిన పెద్దమనిషి ఖాతాలోనే పీఎం కిసాన్ 6,000 పడుతుంది, బురదలో దిగినవాడికి పడదు. సొంత కాళ్ల మీద నిలబడటం అంటే ఎదుటివాడి కాళ్లకు బురద అంటడమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

ధర బాగున్నప్పుడు స్వయంశక్తి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ధర పడిందా, సెలవు పెడుతుంది. ఏ గ్రేడు ధాన్యానికి 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 2,389, అంటే మన 850 కిలోల పుట్టికి 20,306 రూపాయలు. వ్యాపారి అంతకు తగ్గించి అడిగితే "ప్రభుత్వం ఏం చేస్తోంది?" అనే ప్రశ్న కోవూరు నుంచి బుచ్చి దాకా ఒకే గొంతుతో లేస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల గుంటల గట్ల మీద కూడా అదే ప్రశ్న. యూనిట్ రూపాయిన్నరకు కరెంటు తీసుకునే గుంటలున్నాయి, వాటి గట్టు మీదే నిలబడి సోమరితనం గురించి మాట్లాడటం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు.

ఆడవాళ్లు ఫ్రీ బస్సెక్కి ఊళ్లు తిరుగుతున్నారని మరో ఫిర్యాదు. ఈ జిల్లా ఆడవాళ్లకు స్వయంశక్తి నేర్పాలట. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించారు. ఊరూరా అంటుకుని, 1993 అక్టోబరు 1కి రాష్ట్రంలోనే సారా నిలిచిపోయింది. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. అప్పట్లో స్వయంశక్తి ఉపన్యాసాలు ఎక్కడ జరిగేవో నాకు తెలీదు. ఉపన్యాసకుల్లో కొందరు ఆ మూతపడిన అంగడి ముందు దిగాలుగా కూర్చుని ఉండొచ్చు.

సరే, పరిష్కారం. ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి మోటారు దగ్గరకూ వెళ్లాలి. యజమాని స్టార్టరు పెట్టె పక్కన చెయ్యి చాపి నిలబడాలి. వేలిముద్ర పడాలి, ఫొటో దిగాలి. ఉపాధి హామీ కూలీకి రోజుకు రెండు సార్లు ఫొటో తీస్తున్నారు కాబట్టి ఈయనకు కూడా రెండు తీస్తే మర్యాదగా ఉంటుంది. సర్వర్ పనిచేయకపోతే రేపు రమ్మనాలి. జాబితా నోటీసు బోర్డు మీద అంటించి, గ్రామసభలో పేరు పేరునా చదవాలి.

దీనికి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. 2020లో మోటార్లకు మీటర్లు పెడతాం, బిల్లు డబ్బు మేమే మీ ఖాతాలో వేస్తాం అని ప్రభుత్వం అన్నందుకే, అవి రైతు మెడకు ఉరితాళ్లంటూ రాష్ట్రమంతా గొడవైంది. మీటరుకే అంత నొచ్చుకున్నవాళ్లు వేలిముద్రకు ఎంత నొచ్చుకుంటారో! కానీ అవ్వ ఏళ్ల తరబడి వేస్తూనే ఉంది, ఆమెకు అవమానమని ఎవరికీ తోచలేదు.

సాంకేతికంగా కూడా ఇబ్బంది ఉండదు. నాట్లు వేసీ, కలుపు తీసీ వేళ్లు అరిగినవాళ్లకే మెషీన్ మొరాయిస్తుంది. మన పెద్దమనుషులకు మొదటిసారికే పడుతుంది.