బావగారి భద్రతా ఏర్పాట్లు

హోటల్‌లో దిగడమంటే మామూలు మనుషులకు ప్రయాణపు బడలిక తీర్చుకోవడం. మా బావగారికి మాత్రం కోటకు కాపలా కాయడం. రిసెప్షన్‌లోని అమ్మాయి గది నంబరు పైకి చదవగానే ఆయన ముఖం చిట్లించి, వెనకున్నవాళ్ళు వినేశారు గనక ఆ గది వద్దని, మరో గది కేటాయించి దాని నంబరును కాగితం మీద రాసి చూపమని కోరారు. గది మూడో అంతస్తుకు తగ్గకూడదు, ఆరో అంతస్తుకు మించకూడదు అన్నది రెండో షరతు. మరీ కిందనైతే కిటికీ గుండా దొంగ రాగలడట, మరీ పైనైతే అగ్నిమాపక దళం నిచ్చెన అందదట. ఆ లెక్క తప్పని నేనూ అనను. ఇక మూడో షరతు: గుర్తింపు కార్డు చూపనిదే, స్వయంగా తానే వచ్చి ప్రాధేయపడినా సరే, మా గదికి ఇంకో తాళం ఇవ్వరాదు. ఆ అమ్మాయి ఈ మాటను పొల్లుపోకుండా రిజిస్టరులో రాసుకుంది.

గదిలోకి వెళ్ళాక అసలు పని మొదలైంది. ఒక రకం కార్డు తాళాలను తేలిగ్గా తెరవవచ్చని 2024లో పరిశోధకులు బయటపెట్టారని, అటువంటివి 131 దేశాల్లో ముప్ఫై లక్షలకు పైగా తలుపులకు ఉన్నాయని చెబుతూ, ఆయన గడియ వేశారు, గొలుసు తగిలించారు, అది చాలదన్నట్టు తలుపు కింద దూర్చే రబ్బరు ముక్కను సంచిలోంచి తీశారు. తలుపు కాస్త కదిలి దాన్ని నొక్కితే చాలు, సైరన్ మోగుతుంది. తయారీదారులు పెట్టిన సంఖ్యను మార్చకుండా వదిలేసిన లాకర్లు ఉంటాయి గనక, ముందు అన్నీ సున్నాలే నొక్కి చూసి, అది తెరుచుకోలేదని తృప్తిపడి, డబ్బునూ గుర్తింపు కార్డులనూ అందులో పెట్టి తాళం వేశారు. ఆ సంఖ్య నాకు చెప్పలేదు. చెబితే అది రహస్యం ఎలా అవుతుందన్నారు.

పడుకోబోతూ మళ్ళీ లేచారు. అత్యవసర మెట్లకు ఎన్ని తలుపుల దూరమో లెక్కపెట్టడం మరిచిపోయారట. 1980లో లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్‌లో మంటలు రేగింది కింది అంతస్తులోనే అయినా, చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది పై అంతస్తుల్లో పొగకు ఊపిరాడక పోయినవారే. పొగలో కళ్ళు పనిచేయవు, గోడ తడుముకుంటూ తలుపుల లెక్కను బట్టే పోవాలి. ఇదంతా నిజమే గనక నేను అడ్డుచెప్పలేదు. తాను వెళ్ళగానే గడియ, గొలుసు, రబ్బరు ముక్క అన్నీ యథాతథంగా పెట్టమని ఆజ్ఞాపించి, రాత్రి దుస్తుల్లో, చెప్పులైనా లేకుండా ఆయన బయలుదేరారు. ఆజ్ఞ పాటించి నేను నిద్రపోయాను.

తొమ్మిదో తలుపు పక్కన మెట్లు దొరికాయి. దారికి సామాన్లేమైనా అడ్డుపెట్టారేమో చూద్దామని ఆయన లోపల అడుగుపెట్టగానే వెనక తలుపు మూసుకుంది. బయటివాళ్ళు మెట్ల గుండా అంతస్తుల్లోకి చొరబడకుండా, ఆ తలుపు మెట్లవైపు నుంచి తెరుచుకోని ఏర్పాటు చేశారు. అదీ భద్రతే. ఆయన చిట్టచివరికి దిగి, భవనం వెనక తేలి, చుట్టూ తిరిగి రిసెప్షన్‌కు చేరారు.

అప్పటికి రాత్రి ఉద్యోగి వచ్చి ఉన్నాడు. అతను రిజిస్టరు తిరగేసి వినయంగా అడిగాడు: “గుర్తింపు కార్డు చూపిస్తారా, సార్?”

“లాకర్లో ఉందయ్యా. ఆ షరతు పెట్టినవాణ్ణి నేనే!”

“మీరే వచ్చి అడిగినా ఇవ్వొద్దని కూడా రాసి ఉంది, సార్.”

గదికి ఫోన్ వచ్చింది. రిసెప్షన్ అని ఎవరైనా చెబితే నమ్మక, పెట్టేసి మనమే తిరిగి చేయాలన్నది బావగారి సూత్రం. నేను పెట్టేసి తిరిగి చేశాను. అదే గొంతు పలికింది. కాసేపటికి ఆయనను వెంటబెట్టుకుని కాపలాదారు తలుపు తట్టాడు. గొలుసు తీయకుండా, తలుపు అంగుళం మాత్రమే తెరిచి ముఖం పోల్చుకోవాలన్నది మరో సూత్రం. రబ్బరు ముక్క సరిగ్గా ఆ అంగుళంలోనే ఉంది.

ఆ సైరన్ కూతకు అంతస్తులోని తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుని, దుప్పట్లు కప్పుకున్నవాళ్ళూ పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళూ లిఫ్ట్ వైపు పరుగెత్తారు. బావగారు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడి, “మంటలప్పుడు లిఫ్ట్ ఎక్కరాదు! మెట్లు తొమ్మిదో తలుపు పక్కన!” అని గర్జించారు. జనం విని అటు మళ్ళారు. మంటలు లేవని, ఆ తలుపు వెనక్కి తెరుచుకోదని ఆయనకు తట్టేసరికి ఆఖరి మనిషి కూడా లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళందరినీ భవనం వెనక నుంచి తీసుకురావడానికి రాత్రి ఉద్యోగి తాళాల గుత్తితో పరుగెత్తాడు.

తెల్లవారగానే బావగారు రిసెప్షన్‌కు వెళ్ళి గది మార్చమన్నారు. కారణం అడిగితే, మేమున్న గది ఏదో అంతస్తంతటికీ తెలిసిపోయిందని, ఇక అక్కడ ఉండడం ఎంతమాత్రం క్షేమం కాదని గంభీరంగా చెప్పారు.