పవరున్న బిళ్లతో పెరిగేది ముప్పే

వరి నాట్ల రోజుల్లో పల్లెటూరి మందుల షాపులో తరచూ వినిపించే మాట, ‘కాస్త పవరున్న బిళ్ల ఇవ్వండి’ అని. రోజంతా వంగి నడుం పట్టేసిన కూలీ రేపు పనిలోకి వెళ్లకపోతే రేపటి కూలి పోతుంది. ఆ తొందరను మేము తప్పుపట్టం. కానీ డోసు పెంచిన కొద్దీ నొప్పి తగ్గుతుందన్న నమ్మకం మనుషుల ప్రాణాల మీదికి తెస్తోంది.

ఇబుప్రొఫెన్‌నే తీసుకోండి. మామూలు నొప్పికి ఒక విడతకు 400 మిల్లీగ్రాములు చాలు. 800 వేసుకున్నా ఉపశమనం పెద్దగా పెరగదు. కడుపులో పుండ్లు, రక్తస్రావం, కిడ్నీల మీద భారం మాత్రం పెరుగుతాయి. రోజుకు 2,400 మిల్లీగ్రాములు, ఆపైన వాడితే గుండెపోటు, పక్షవాతం ముప్పు కొంత ఎక్కువవుతుందని యూరప్ ఔషధ సంస్థ 2015లోనే హెచ్చరించింది. పారాసెటమాల్ కడుపును అంతగా ఇబ్బంది పెట్టదు. అయినా పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయం దెబ్బతినవచ్చు. మద్యం అలవాటున్నవారు అంతకంటే చాలా ముందే ఆగాలి. జలుబు మాత్రల్లోనూ, ఒళ్లునొప్పుల కాంబినేషన్ బిళ్లల్లోనూ తరచూ ఉండేది ఇదే మందని ఎంతమందికి తెలుసు?

ఎండలో పనిచేసేవారి గురించే మాకు ఎక్కువ ఆందోళన. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి సరిగ్గా వాటినే అడ్డుకుని నొప్పి తగ్గిస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఈ మాత్రలే కారణమని మేము అనడం లేదు, అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ ఇప్పటికే కిడ్నీ బలహీనపడిన మనిషికి డాక్టర్ చీటీ అడగకుండా ఇవి అమ్మడం క్షమించరానిది.

మరో నొప్పి మందు నిమెసులైడ్‌ను 2011లో పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడరాదన్న కేంద్రం, 100 మిల్లీగ్రాములు మించిన మాత్రలను 2025 డిసెంబరులో నిషేధించింది. మంచి నిర్ణయం. అయితే వందవి రెండు కలిపి మింగేవారిని ఏ నోటిఫికేషన్ ఆపుతుంది? బ్రిటన్ 1998లో పారాసెటమాల్ ప్యాకెట్ల సైజు తగ్గించాక ఆ మందుతో మరణాలు తగ్గాయి. ఇక్కడ బిళ్లలు కత్తిరించి చేతిలో పెడతారు, పేరూ మోతాదూ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు ముందు చేయాల్సిన పని, షెడ్యూల్ హెచ్ మందులను, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందులను, చీటీ లేకుండా అమ్మనివ్వకపోవడం. అట్ట మీద రోజువారీ హద్దును తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించేలా కేంద్రంపై ఒత్తిడి తేవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నడుం నొప్పికి ఫిజియోథెరపీ దొరికే ఏర్పాటూ చేయాలి. అది లేనంత కాలం, బిళ్లలు మానండని కూలీకి చెప్పే హక్కు ప్రభుత్వాలకు ఉండదు.