రెండో ర్యామ్ స్లాట్ గారికి

మహారాజశ్రీ రెండో ర్యామ్ స్లాట్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ నిన్న మధ్యాహ్నం రెండు గంటల నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా కుడి బొటనవేలి మీద మీ క్లిప్పు చేసిన గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

కంప్యూటర్ పొట్టలో మదర్‌బోర్డు అనే పెద్ద పలక మీద, ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకశక్తి పట్టీని పట్టుకుని కూర్చునే పొడవాటి సందు మీరు. నేను మిమ్మల్ని అడిగింది ఎంత? మీ పక్కనే మీ అన్నగారు, మొదటి స్లాట్ వారు, పదేళ్లకు పైగా ఒక 4 జీబీ ర్యామ్‌ను కిక్కురుమనకుండా మోస్తున్నారు. (ఆ మధ్య దాకా 32 బిట్ల విండోస్ ఆ నాలుగులోనూ సుమారు 3.25 జీబీ మాత్రమే వాడుకుని, మిగిలింది తనకు కనిపించనట్టు ఊరుకునేది. దాని సంగతి ఇంకో లేఖలో.) ఇన్నేళ్లూ మీరు చేసిన ఉద్యోగమల్లా దుమ్ము పోగుచేయడం. ఇప్పుడు మీ అన్నగారికి తోడుగా అలాంటిదే ఇంకో 4 జీబీ తెచ్చి మీ చేతిలో పెట్టాను. అదే డీడీఆర్3 తరం, అదే 1600 వేగం, అదే 1.5 వోల్టులు. మొత్తం 8 జీబీ దాకా పెట్టుకోవచ్చని మదర్‌బోర్డు పుస్తకంలో అచ్చేసి మరీ ఉంది. పెట్టాను. నొక్కాను. ‘టక్’ అన్నారు.

ఆ ‘టక్’ గురించే ఈ లేఖ.

ర్యామ్ మార్చిన ప్రతి ఒక్కరికీ తెలిసిన శబ్దమే అది. వాలి ఉన్న క్లిప్పు తనంతట తానే లేచి వచ్చి ర్యామ్ పక్కనున్న గాడిలో కూర్చున్నప్పుడు వస్తుంది. ఈ పనిలో మనిషికి దక్కే హామీ అదొక్కటే. నేనూ దాన్ని నమ్మి మూత బిగించేశాను. అవును, ఒకసారి ఆన్ చేసి చూడకుండానే బిగించాను, నవ్వుకోండి. స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, మానిటర్ మాత్రం నల్లగా నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత బీప్. కాస్త ఆగి మళ్లీ బీప్.

స్విచ్ వేయగానే అందరికన్నా ముందు లేచి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేవో చూసి, లేకపోతే ఇలా కూసేది బయోస్ అనే ప్రోగ్రాము. మీ బయోస్ వారి భాషాపాండిత్యం గురించి ఒక్క మాటే చెబుతాను. ఒక కంపెనీ బయోస్‌కు మూడు పొట్టి కూతలు మెమరీ దోషమట. ఇంకో కంపెనీ బయోస్‌కు ఆగకుండా వచ్చే పొడుగు కూతలు మెమరీ దోషమట. కూసేవాళ్లకే ఏకాభిప్రాయం లేనప్పుడు వినేవాడికి ఏం బోధపడుతుంది?

సరే, అక్కడి నుంచి నేను పడ్డ పాట్లు. కొత్త ర్యామ్‌ను ఒక్కదాన్నే మీ అన్నగారి దగ్గర పెట్టాను, చక్కగా లేచింది. అంటే దాని తప్పు లేదు. పాతదాన్ని తెచ్చి మీ దగ్గర పెట్టాను. ‘టక్’. చీకటి. పసిడి రంగు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తోమాను. ‘టక్’. చీకటి. మెత్తటి బ్రష్షు తీసుకుని మీ నోట్లోని దుమ్మంతా దులిపాను. తుమ్మింది నేను, మీరు కాదు. ‘టక్’. చీకటి. ఆఖరికి కంప్యూటర్‌కు తేదీ, టైము గుర్తుండేలా చూసే, రూపాయి బిళ్లలా కూర్చున్న ఆ సీఆర్2032 బ్యాటరీని కూడా పీకి మళ్లీ పెట్టాను. మీ అన్నగారి పుణ్యాన లేచిన కంప్యూటర్ తాను 2012లో ఉన్నానని చెప్పింది. నిజంగానే ఆ ఏడాదికి వెళ్లగలిగితే వేరే బోర్డు కొనుక్కునేవాణ్ని.

ప్రతిసారీ ‘టక్’ వినిపించింది కాబట్టే, ప్రతిసారీ మిమ్మల్ని తప్ప అందరినీ అనుమానించాను. ర్యామ్‌ను, బ్యాటరీని, కరెంటును, చివరికి నా జాతకాన్ని.

ఏడున్నరకు గ్రాఫిక్స్ కార్డు పీకాను. మొదటి పది నిమిషాల్లోనే పీకాల్సింది, బద్ధకించాను. అది అడ్డు తొలగాక టార్చి వేసి చూస్తే పై క్లిప్పు బుద్ధిమంతుడిలా నిటారుగా నిలబడి ఉంది. కింది క్లిప్పు, ఇన్ని గంటలూ కార్డు చాటున దాక్కున్నది, సగం వాలి ఉంది. ఆ చివర మీ అంచు పైన పసిడి గీత ఒకటి సన్నగా మెరుస్తోంది. ఈ చివర ఏమీ లేదు. ఆ చివర వెంట్రుకవాసి.

అంటే సగం మింగి, కడుపు నిండినట్టు త్రేన్చావన్నమాట! ఇక మీరూ గారూ అనడం నా వల్ల కాదు.

నీకు 240 పిన్నులు. డీడీఆర్2కూ 240 పిన్నులే. అది పొరపాటున నీలో దూరకూడదని ర్యామ్ అడుగున ఉండే గాటు చోటు మార్చారు. తిరగేసి పెట్టే నాలాంటివాళ్లు ఉంటారని ఆ గాటును సరిగ్గా నడిమధ్యన పెట్టకుండా ఓ పక్కకు జరిపారు. అంత ముందుచూపు ఉన్న మహానుభావులకు, ఒక చివర దిగి ఇంకో చివర దిగకపోతే నువ్వు నోరు మూసుకోవాలని మాత్రం తోచలేదు! నీ తర్వాత వచ్చిన డీడీఆర్4కు 288 పిన్నులు. దాని కింది అంచును తిన్నగా కోయకుండా మధ్యలో కాస్త దిగువకు ఉండేలా చేశారు, పిన్నులన్నీ ఒక్కసారిగా దిగనక్కర లేకుండా, తక్కువ బలంతోనే లోపలికి పోయేలా. అంటే నీ దగ్గర ఎన్ని బొటనవేళ్లు అరిగిపోయాయో పైవాళ్లకు తెలుసు. తెలిసీ తమ్ముణ్ని బాగుచేసుకున్నారు, నిన్ను నాకు వదిలేశారు.

రెండు చివర్లా రెండు బొటనవేళ్లు ఆనించి నొక్కాను. మదర్‌బోర్డు విల్లులా వంగింది. విరిగిపోతే విరిగిపోనీ అనుకున్నాను, నిజంగా. అప్పుడొచ్చింది కింది నుంచి ఇంకో ‘టక్’. లావుపాటిది, మొండిది. ఇన్ని గంటలూ నువ్వు నాకు బాకీ పడ్డది.

తెర మీద 8192 అన్న అంకె (ఎంబీల్లో చెప్పిన 8 జీబీయే) చూసినప్పుడు గట్టిగా కేక వేశానని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకు గుర్తు లేదు. మూత ఇంకా బిగించలేదు, బిగించే ధైర్యమూ లేదు. పెట్టెను పక్కకు పడుకోబెట్టి, పొట్ట తెరిచే ఉంచి, ఈ లేఖను అందులోనే టైపు చేస్తున్నాను.

ఇప్పుడే గుర్తొచ్చింది, ఇంకా సేవ్ చేయలేదు. నీలో కూర్చున్న ర్యామ్ సంగతి తెలిసిందే కదా, 64 మిల్లీసెకన్లకోసారి గుర్తుచేయకపోతే చెప్పిందంతా మరిచిపోయే రకం. పైగా జంట చానెల్ పద్ధతిలో డేటాను రెండింటికీ పంచుతారు కాబట్టి, ఈ తిట్లలో సగం మీ అన్న దగ్గర, సగం నీ ఒళ్లో ఉన్నట్టు. ఒక్క అక్షరం జారవిడవకుండా పట్టుకునే కూర్చున్నావు.

ఉండు నాయనా, కదలకు. ఏమీ అనుకోకు. ముందు సేవ్ చేసుకోనివ్వు.