లైసెన్స్ రాజ్ అంటే లంచాలు ఒక్కటే కాదు
పరిశ్రమ పెట్టాలన్నా, పెంచాలన్నా ప్రభుత్వ లైసెన్స్ తప్పనిసరి అయిన పాత పద్ధతి 'లైసెన్స్ రాజ్' మీద మీరు వేసిన వ్యాసంలో, అదంటే ఫైళ్లు కదలకపోవడం, లంచాలు అని తేల్చేశారు. దాంతో నేను ఏకీభవించను. రాజాజీ (సి.రాజగోపాలాచారి) 'లైసెన్స్-పర్మిట్-కోటా రాజ్' అన్నది అంతకంటే పెద్ద విషయం గురించి. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద కొత్త ఫ్యాక్టరీకే కాదు, ఉన్నదాన్ని బాగా విస్తరించాలన్నా, కొత్త సరుకు తయారు చేయాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా లైసెన్స్ కావాల్సిందే. ఒక్క రూపాయి లంచం లేకుండా నడిచినా అది తప్పే, ఎందుకంటే ఎవరు ఎంత తయారు చేయాలో ఢిల్లీలో నిర్ణయించేవారు. ఆ ఇబ్బంది మామూలు ఇళ్లదాకా వచ్చింది. మా నాన్న ఇల్లు కడుతున్నప్పుడు సిమెంటు పర్మిట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగారు. చేతిలో డబ్బుంది, కొట్లో బస్తాలున్నాయి, కాగితం లేదు. పునాదులు తీసిన గుంటల్లో వానాకాలమంతా నీళ్లు నిలిచాయి. ఈ పద్ధతిని వ్యతిరేకిస్తూ రాజాజీ 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీకి మన రైతు నాయకుడు ఎన్.జి.రంగాగారే అధ్యక్షులు. 1991 జూలైలో 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్స్ ఎత్తేసినప్పుడు ప్రధాని పి.వి.గారి దగ్గరే పరిశ్రమల శాఖ కూడా ఉంది. తెలుగులో రాసిన వ్యాసంలో ఈ ఇద్దరి పేర్లూ లేకపోవడం బాధగా ఉంది.