పన్నెండున్నర మిల్లీమీటర్ల మోక్షం

మా అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు పెద్దమనిషి కిందటి నెలలో తన సైకిలు క్రాంకు కురచ చేయించుకున్నారు. బెజవాడ చరిత్రలో ఇదొక ఘట్టమని ఆయన అభిప్రాయం. క్రాంకు అంటే పెడలును పళ్లచక్రానికి కలిపే కడ్డీ. మన చిన్నతనంలో దాని కాటరు పిన్ను వదులైతే రోడ్డు పక్క రాయి తీసుకుని రెండు దెబ్బలు వేసేవాళ్లం. ఇప్పుడు ఆ కడ్డీ కోసం నిపుణుడి సలహా తీసుకుని, ఆ సలహాకు విడిగా బిల్లు కడుతున్నారు. ఆయన 172.5 మిల్లీమీటర్ల నుంచి 160కి దిగారు. ఆ దిగడానికి అయిన ఖర్చుతో ఒక పాత స్కూటరు వచ్చేది.

నాకు శాస్త్రంతో పేచీ లేదు. ఆయనది టైమ్ ట్రయల్ సైకిలు. అందులో పక్కన పోటీదారు ఉండడు, గడియారమే శత్రువు. గాలికి అడ్డం పడకుండా మోచేతులు ముందు కడ్డీల మీద ఆనించి, వీపు బల్లలా పరిచి తొక్కాలి. అలా వంగినప్పుడు పెడలు పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు ఛాతీ మీదికి వస్తుంది, తుంటి దగ్గర మడత బిగుస్తుంది. క్రాంకు పన్నెండున్నర తగ్గిస్తే సీటు అంతే ఎత్తు లేపుకోవచ్చు. అప్పుడు తుంటికి, పైకి వచ్చిన పాదానికి మధ్య ఇరవై అయిదు మిల్లీమీటర్ల చోటు పెరుగుతుంది. అంటే అంగుళం. సైకిలు పందేల మేటి తడే పొగాచర్ 2024లో 165కి మారి ఆ ఏడే ఇటలీ పోటీ, ఫ్రాన్సు పోటీ రెండూ గెలిచాడు. 2001లో మార్టిన్, స్పిర్డూసో అనే పరిశోధకులు 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా క్రాంకులు మార్చి మార్చి తొక్కించి చూస్తే, గరిష్ఠ శక్తిలో తేడా సుమారు 4 శాతమే వచ్చింది. కాబట్టి కురచ చేస్తే పోయేదేమీ లేదు.

అయితే పొగాచర్ మోకాలికి అడ్డం వచ్చేది తుంటి మడత. మా పెద్దమనిషి మోకాలికి దానికంటే ముందే మరొకటి ఎదురవుతుంది.

ఆ సంగతి కొలతల రోజున బయటపడింది. సాక్షిగా నన్నూ పిలిచారు. హాలు మధ్యలో స్టాండు మీద సైకిలు, దాని మీద ఆయన, ఒంటికి అంటుకుపోయిన దుస్తుల్లో. కొడుకు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. ఆవిడ పిల్లవాడి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి భర్త తుంటి దగ్గర పట్టుకుని నిలబడ్డారు. మోకాలి నుంచి దారం వేలాడదీసి, చివర పాత తూకపు రాయి కట్టారు. ఫ్యాను గాలికి రాయి ఊగింది. ఫ్యాను ఆపమన్నారు. మే నెల, బెజవాడ, ఫ్యాను ఆపిన హాలు! రెండు నిమిషాల్లో చెమటకు కోణమానిని జారింది. తుడిచి మళ్లీ పెట్టారు. దారం మోకాలికి అతుక్కుపోయింది. ఊడదీసి మళ్లీ కట్టారు.

"ఏమండీ, మోకాలు పొట్టకు తగులుతోంది" అన్నారు ఆవిడ.

"పొట్ట అనకు. దాన్ని తుంటి కోణం అంటారు."

"ఏదైనా కానివ్వండి, తగులుతోంది."

నాలుగు డిగ్రీలు మెరుగైందని కొడుకు ప్రకటించాడు. అందరం చప్పట్లు కొట్టాం. వంటింట్లో పెసరట్టు వాసన వస్తోంది కనుక నేను మరికాస్త గట్టిగా కొట్టాను. ఆయన సైకిలు దిగి మూడు పెసరట్లు, ఉప్మాతో సహా, తిన్నారు. ఆ అంగుళం అప్పుడే సగం పూడిపోయిందని నా లెక్క.

ఆదివారం ఆ సైకిలును కారు వెనక కట్టి ప్రకాశం బ్యారేజీ దాకా తీసుకెళతారు, ఈ ఊరి రోడ్ల మీద సైకిలు తొక్కడం ప్రమాదం కనుక. అక్కడి నుంచి కరకట్ట మీద గడియారంతో యుద్ధం.

ప్రమాదం ఎవరి వల్లో సోమవారం తెలిసింది. ఆయన కారులో నేనూ ఉన్నాను. బందరు రోడ్డు మీద మా ముందు ఒక పాత సైకిలు, వెనక క్యారియరు మీద తల ఎత్తు బట్టల మూట. ఈయన హారను మీద పెట్టిన చెయ్యి తీయలేదు. సైకిలు మనిషి బెదిరి పక్కకు తిప్పబోయి కాలువ అంచున కాలు ఆనించాడు. "ఈ సైకిళ్లను ముందు రోడ్ల మీద నుంచి తీసేయాలండీ" అన్నారు ఈయన. ఆ మనిషి మా వీధి ఇస్త్రీ ఆయన. ఆ మూటలో ఈయన చొక్కాలూ ఉన్నాయి.

పన్నెండున్నర మిల్లీమీటర్ల కోసం నెల రోజులు నిద్ర మానుకున్న మనిషికి పక్క సైకిలుకు మూడడుగులు వదలడానికి చెయ్యి రాలేదు. సిగ్గు ఉండాలి! అరవై ఏళ్ల మనిషి ఎండలో, గేర్లు లేని ఇనుప సైకిలు మీద, ఇంటిల్లిపాది బట్టలు మోస్తూ తొక్కుతుంటే అది అడ్డమా? ఆదివారం తెల్లవారుజామున ఈయన తొక్కితే మాత్రం సాధనా? చొక్కాకు రూపాయి పెంచినందుకు ఆ మనిషిని గేటు దగ్గర అరగంట నిలబెట్టి బేరమాడిందీ ఈయనే.

సాయంత్రం బట్టలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఇస్త్రీ ఆయన సైకిలు క్రాంకుకు టేపు పెట్టి చూశాను. ఆరున్నర అంగుళాలు. అంటే 165 మిల్లీమీటర్లు, పొగాచర్ కొలత. నిపుణుడి ఫీజు లేకుండానే.

నిన్న లిఫ్టులో పెద్దమనిషి కనిపించారు. "160 కూడా ఎక్కువే అనిపిస్తోందండీ. 155కి ఆర్డరు పెట్టాను" అని, పాత జత సగం ధరకు నాకు ఇస్తానన్నారు.