అక్షరానికి 40 డాలర్లు

‘పెయిడ్’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయని తెలుసుకోవడానికి నాకు పాతికేళ్ళ అమెరికా జీవితం సరిపోలేదు. మా అబ్బాయి ఒక సాయంత్రం వచ్చి, “నాన్నా, హైస్కూల్ పిల్లలకి సమ్మర్‌లో పెయిడ్ రీసెర్చ్ ప్రోగ్రామ్ ఉంది, మూడు వారాలు డార్మ్‌లోనే ఉండాలి” అన్నాడు. పదహారేళ్ళకే జీతం! ఆ ఊపులో ఇండియాకి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పేశాను. రాత్రి వెబ్‌సైట్ తెరిస్తే తేలిందేమిటంటే, పే చేసేవాళ్ళం మేము. అమ్మకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

ఎదురు డబ్బిచ్చే ప్రోగ్రాములూ లేకపోలేదు. టెక్సస్ టెక్ యూనివర్సిటీలో క్లార్క్ స్కాలర్స్ అని ఒకటుంది. 12 మందిని ఏరుకుని, 7 వారాలు ఉంచుకుని, 750 డాలర్ల స్టైపెండ్ చేతిలో పెట్టి పంపిస్తారు. 1984లో మొదలై ఇప్పుడు ఎంఐటీలో జరుగుతున్న రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ (ఆర్‌ఎస్‌ఐ) అనే ప్రోగ్రామ్‌లో ఆరు వారాల చదువు, బస, భోజనం అన్నీ ఉచితం. వీటిలో ఉన్న ఘోరమైన లోపం ఒక్కటే. పిల్లవాడిలో సరుకుండాలి. తండ్రి ఎంత సంపాదిస్తున్నా, చెక్కు పుస్తకం పట్టుకుని గుమ్మం ముందు నిలబడినా లోపలికి రానివ్వరు. ఇంత అభివృద్ధి చెందిన దేశంలో డబ్బుకి ఇంతటి అవమానం జరుగుతుంటే ఎవరూ మాట్లాడరేం?

ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే రెండో రకం పుట్టింది. వాళ్ళ దగ్గర్నుంచి మాకు ఉత్తరం వచ్చింది. మందపాటి కాగితం, బంగారు రంగు ముద్ర, ‘మీ అబ్బాయి ఎంపికయ్యాడు’ అని. అసలు వీడు అప్లై చెయ్యందే వీడి ప్రతిభ అంత దూరం ఎలా పాకిందా అని మా ఆవిడా నేనూ చాలాసేపు ఆశ్చర్యపోయాం. ఎస్‌ఏటీకి సన్నాహంగా రాసే పీఎస్‌ఏటీ పరీక్షప్పుడు ‘నా వివరాలు కాలేజీలకి పంపొచ్చు’ అన్న చోట వీడు టిక్కు పెట్టాడట. ప్రతిభ అంటే అదే అయ్యుంటుంది. ఎంపికైన గౌరవం నిలుపుకోవాలంటే పది రోజుల్లో డిపాజిట్ కట్టాలి, అది తిరిగి ఇవ్వరు.

ఈ ప్రోగ్రామ్‌కి వచ్చినంత మాత్రాన అది జరిగే యూనివర్సిటీలో అడ్మిషన్‌కి ఏ ప్రయోజనమూ ఉండదని అడుగున చిన్న అక్షరాల్లో నిజాయితీగా రాశారు. చదివాం. చదివి, అది మిగతావాళ్ళ పిల్లల గురించి అనుకున్నాం.

ఇక శాస్త్రం సంగతి. పాత పద్ధతిలో పరిశోధన ఎంత నత్తనడకన సాగేదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1955 వేసవిలో డేవిడ్ బాల్టిమోర్ అనే హైస్కూల్ కుర్రాడు మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లాబొరేటరీకి వెళ్ళాడు. అక్కడే హోవర్డ్ టెమిన్ అనే, తనకంటే కాస్త పెద్దవాడు పరిచయమయ్యాడు. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారుచేసే ఎంజైమును ఈ ఇద్దరూ ఎవరికి వారు విడివిడిగా కనిపెట్టింది 1970లో. ఇద్దరికీ నోబెల్ వచ్చింది 1975లో. ఆ వేసవి నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్ళు! మా వాడు కాలేజీ అప్లికేషన్ నవంబర్ 1కల్లా పంపాలి. బాల్టిమోర్ తల్లిదండ్రులకి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి.

1959 నుంచి నడుస్తున్న సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ ఇంకా విచిత్రం. పిల్లలు రాత్రిళ్ళు టెలిస్కోప్ దగ్గర కూర్చుని ఒక గ్రహశకలాన్ని వెతికి పట్టుకుని, అది తిరిగే కక్ష్యని వాళ్ళే లెక్కగట్టాలి. ఆ రాత్రి మబ్బు పడితే ఏమీ కనబడదు. ఫీజు తీసుకుని మబ్బుని అడ్డం పెట్టడమా! (వాళ్ళ ఫీజు కుటుంబం స్తోమతని బట్టి తగ్గిస్తారు. డబ్బు తీసుకునేవాళ్ళందరూ ఒకటే అని నేననను. కానీ ఆ తేడాలన్నీ చెబుతూ పోతే ఈ వ్యాసం నడవదు కాబట్టి మబ్బు దగ్గరే ఆగుతాను.)

మా వాడి ప్రోగ్రామ్‌లో మబ్బుల బెడద లేదు. డేటా ముందే సేకరించి పెట్టారు, కోడ్ ముందే రాసి పెట్టారు, ఫలితం కూడా ముందే వచ్చేసింది. మా వాడు చెయ్యాల్సిందల్లా బటన్ నొక్కి గ్రాఫ్ తెప్పించుకోవడం. అది నీలం రంగులో వచ్చింది. రెండో వారంలో స్వయంగా ఆలోచించి ఆకుపచ్చ చేశాడు. పర్యవేక్షణకి ఒక పీహెచ్‌డీ విద్యార్థిని పెట్టారు. ఆ అబ్బాయి కళ్ళ కింద నల్లటి వలయాలు చూస్తే నిజమైన పరిశోధన ఎలా ఉంటుందో తెలుస్తోంది.

చివరి రోజు పోస్టర్ ప్రదర్శనకి వెళ్ళాం. హాలు నిండా బ్లేజర్లు వేసుకున్న పిల్లలు, ప్రతి పోస్టర్ ముందూ ఆ పిల్లవాడి అమ్మానాన్నలు. పక్క పోస్టర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరూ కనబడలేదు. మా ఆవిడ వీడియో తీస్తుంటే నేను, “ఇంతకీ ఏం కనుక్కున్నావు నాన్నా?” అన్నాను. వాడు పోస్టర్ వంక తిరిగి కాసేపు చూశాడు. తర్వాత, “ఇంకా పరిశోధన జరగాలి అని కనుక్కున్నాం” అన్నాడు. ఆ ‘ఇంకా’కి వచ్చే వేసవిలో అడ్వాన్స్‌డ్ కోర్సు ఉందని బయటికొస్తుంటే బ్రోషర్ చేతిలో పెట్టారు. ఆ పేపర్ని హైస్కూల్ పిల్లల జర్నల్‌లో వేయించే సదుపాయానికి రుసుము వేరే.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. చాలా కాలేజీలకి ఒకేచోట నింపే కామన్ అప్లికేషన్‌లో పిల్లవాడు చేసిన ఘనకార్యాలు రాసుకోవడానికి 10 గళ్ళుంటాయి. ఒక్కో గడిలో వివరణకి 150 క్యారెక్టర్లు, మాటల మధ్య ఖాళీలతో కలిపి. మేం కట్టింది 6,000 డాలర్లు. అంటే అక్షరానికి 40 డాలర్లు, ఖాళీకీ అంతే. భోజరాజు కవులకి అక్షరలక్షలు ఇచ్చాడని చెప్పుకుంటాం గానీ, ఖాళీలకి కూడా ఇచ్చినట్టు నేనెక్కడా వినలేదు.

వాక్యం రాసి లెక్కపెడితే 162 వచ్చింది. మా ఆవిడ వీడి భుజం మీదుగా, నేను నా ఫోన్‌లో, ముగ్గురం కూర్చుని అరగంట తన్నుకులాడాం. యూనివర్సిటీ పేరు తీయడానికి వీల్లేదు, డబ్బు కట్టిందే దానికి. ‘మెషీన్ లెర్నింగ్’ ముట్టుకోవద్దని మా ఆవిడ ఆజ్ఞ.

“నాన్నా, ‘అసిస్టెడ్ ఇన్’ అని మొదట్లో ఉంది చూడు. ఖాళీలతో కలిపి సరిగ్గా పన్నెండు. అది తీసేస్తే చాలు, మిగతా వాక్యం అలాగే ఉంటుంది” అన్నాడు మా వాడు.

పన్నెండు నలభైలు 480 డాలర్లు. వాక్యంలో నిజం ఉన్నది ఆ ముక్కలోనే.

“తీసెయ్” అన్నాను.