సాత్విక్ కెరీర్‌ని డబుల్స్ కెరీర్‌గానే చూద్దాం

బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఆ స్మాష్ స్పీడే. గంటకి 565 కిలోమీటర్లు, 2023లో జపాన్‌లో కొలిచారు, అంతకుముందు పదేళ్లుగా 493 దగ్గరే ఉండిపోయిన గిన్నిస్ రికార్డు దాంతో చెరిగిపోయింది. అమలాపురం కుర్రాడు, గర్వంగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క నంబర్ చెప్పి ఊరుకుంటే అతను ఆడే ఆటేంటో మనం చూడనట్టే లెక్క. డబుల్స్‌లో స్మాష్ కొట్టగానే పాయింట్ వచ్చెయ్యదు, అవతల ఇద్దరు కాచుకుని ఉంటారు, వాళ్లు ఎలాగోలా లేపిన షటిల్‌ని నెట్ దగ్గరున్న పార్ట్‌నర్ రెప్పపాటులో కిందకి దించెయ్యాలి, అంటే వెనకవాడు ఎటు కొట్టబోతున్నాడో ముందున్నవాడికి వెనక్కి తిరగకుండానే తెలిసిపోవాలి.

ఆ తెలియడానికి ఏళ్లు పడుతుంది. మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ సాత్విక్‌నీ ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ జోడీ కట్టించినప్పుడు ఇద్దరూ వెనకనుంచి బాదేవాళ్లే, చిరాగ్ నెట్ ఆట కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది. 2018 కామన్వెల్త్ గేమ్స్‌లో వీళ్లకి సిల్వర్ వచ్చింది, అప్పటికి సాత్విక్‌కి 17 ఏళ్లే, టీమ్ ఫైనల్లో అశ్విని పొన్నప్పతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఆడి మలేసియా మీద మొదటి మ్యాచ్ గెలిపించింది కూడా అతనే. 2019లో థాయ్‌లాండ్ ఓపెన్ కొట్టారు.

ఆ తర్వాత టోక్యో ఒలింపిక్స్. అక్కడ చివరికి గోల్డ్ కొట్టిన తైవాన్ జోడీని మనవాళ్లు గ్రూప్ స్టేజ్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఓడించారు, మూడింట్లో రెండు గెలిచారు, అయినా గేముల తేడా లెక్కలో క్వార్టర్స్ చేజారింది. ఇది చదువుతుంటే 2012 గుర్తురావాలి. హైదరాబాద్‌లో ఆట నేర్చిన గుత్తా జ్వాల, అశ్విని కలిసి లండన్‌లో అచ్చం ఇలాగే మూడింట్లో రెండు గెలిచి పాయింట్ల తేడాలో ఇంటికొచ్చేశారు. అంతకుముందు ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బ్రాంజ్ తెచ్చిన జోడీ అది. డబుల్స్‌ని పట్టించుకోవట్లేదని జ్వాల ఎన్నిసార్లు మొత్తుకున్నా అప్పట్లో అందరూ ఆమె కోపం గురించే మాట్లాడారు, ఆమె చెప్పిన విషయం గురించి కాదు. పత్రికలుగా ఆ తప్పులో మాకూ వాటా ఉంది, ఒప్పుకుంటున్నాం.

2022 మే 15, బ్యాంకాక్, మగవాళ్ల టీమ్ ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ ఫైనల్. ఇండోనేసియా జోడీ అహ్సాన్, సుకముల్జో మీద సాత్విక్, చిరాగ్‌లకి మొదటి గేమ్ 18-21తో పోయింది, రెండోది మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో లాగారు, మూడోది 21-19. ఆ రోజు ఇండోనేసియా మీద 3-0తో గెలిచాం కాబట్టి సింగిల్స్ హీరోలే ఎక్కువ గుర్తున్నారు గానీ ఈ మ్యాచ్ పోయుంటే కథ ఎటు తిరిగేదో. మరుసటి ఏడాది ఏషియన్ ఛాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ గోల్డ్, అక్టోబర్‌లో వరల్డ్ నంబర్ వన్, అన్నీ ఒకే ఏడాదిలో.

ఇక్కడ మా బాధ చెప్తాం. డబుల్స్‌లో ర్యాంకింగ్ ఇద్దరిదీ కలిపి ఉంటుంది, సాత్విక్ భుజం నొప్పితో ఆగితే చిరాగ్ కూడా కూర్చోవాల్సిందే, పైగా టాన్ 2019లో వెళ్లిపోయాక కోచ్‌గా ఇండోనేసియా లింపెలె, ఆయన తర్వాత డెన్మార్క్ మథియాస్ బో, పారిస్ ఒలింపిక్స్ అవగానే బో కూడా వెళ్లిపోయాడు, 2025లో మళ్లీ టాన్‌నే తెచ్చారు. ఈ స్థాయి జోడీకే ఇన్ని మార్పులైతే జిల్లాల్లో పిల్లల సంగతేంటి. చాలా చోట్ల ఇంకా సింగిల్స్‌లో పైకి రానివాళ్లనే డబుల్స్‌కి తోస్తున్నారు. సర్వీస్, మొదటి మూడు షాట్లు, ఇద్దరూ చోటు మార్చుకోవడం, ఇవి వేరే విద్య, పదమూడేళ్లకే మొదలవ్వాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ తమ అకాడమీల్లో డబుల్స్‌కి విడిగా కోచ్‌లని పెట్టాలి, జూనియర్ జోడీలని ఏడాదికోసారి విడగొట్టకుండా కలిపి ఉంచాలి.

పారిస్‌లో 2024 ఒలింపిక్ క్వార్టర్స్‌లో మలేసియా జోడీ చియా, సోహ్ చేతిలో మొదటి గేమ్ గెలిచి కూడా ఓడిపోయారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి పోయారు, పీఈటీగా పనిచేసిన మనిషి, కొడుకు చేతికి రాకెట్ ఇచ్చిన మనిషి. అదే ఏడాది ఆగస్టులో అదే పారిస్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో మళ్లీ చియా, సోహ్‌లే ఎదురయ్యారు. ఈసారి 21-12, 21-19, వరుస గేముల్లో. మెడల్ ఖాయమైంది.